100 మి.మీ. బైనాక్యులర్ టెలిస్కోప్‌కి ఐపీస్ జతలు: ఏవి కొనాలి, ఎలా బిగించాలి?

మేడమీద_చుక్కలు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ 10×50 బైనాక్యులర్‌తోనే నెట్టుకొచ్చాను. పోయిన వారం సెకండ్ హ్యాండ్‌లో 100 మి.మీ., 45 డిగ్రీల ఈడీ (రంగు అంచులు తగ్గించే గాజు) బైనాక్యులర్ టెలిస్కోప్ చేతికొచ్చింది. ఫోకల్ లెంగ్త్ 550 మి.మీ., అంటే ఎఫ్/5.5. పట్టేది 1.25 అంగుళాల ఐపీస్‌లు (కన్ను ఆనించి చూసే కటకాలు). పక్కనుంచి స్క్రూ తిప్పి బిగించే రకం హోల్డర్లు. దాంతోపాటు 18 మి.మీ. యూఎఫ్ఎఫ్ (అంచుదాకా చదునుగా చూపించే రకం) జత ఒకటి వచ్చింది.

ఇంకో రెండు జతలు కొందామని ఉంది. ఒకటి వీలైనంత వెడల్పుగా ఆకాశం చూడటానికి, ఇంకోటి చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాల కోసం. ప్రతిదీ రెండేసి కొనాలి కదా, ఖర్చు మామూలుగా లేదు. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ఉండనే ఉంది. నా మనసంతా పెంటాక్స్ ఎక్స్‌డబ్ల్యూ 7, 5 మి.మీ. ఐపీస్‌ల మీద ఉంది. నాకు రెండు కళ్ళకీ మైనస్ 4, కొంచెం సిలిండర్ (ఆస్టిగ్మాటిజం) కూడా. మా పాప (పదేళ్ళు) కూడా చూస్తుంది. కొనేముందు ఏమేం చూసుకోవాలో చెప్పగలరా?

సాగరతీరం (విశాఖపట్నం)

కొత్త పరికరానికి శుభాకాంక్షలండీ. ఐపీస్‌ల పేర్లు కాసేపు పక్కన పెట్టండి. ముందు మీ పీడీ ఎంతో చెప్పండి. కళ్ళజోళ్ళ షాపువాళ్ళు చీటీ మీద రాస్తారు చూడండి, రెండు కంటిపాపల మధ్య దూరం, అదే. పాపది కూడా కొలిపించండి. బైనాక్యులర్ టెలిస్కోప్ విషయంలో ఐపీస్ ఎంచుకునేది మొదట మన ముఖమే.

మేడమీద_చుక్కలు

చీటీ మీద నాది 62 మి.మీ. అని ఉంది. పాపని ఇవాళ షాపుకి తీసుకెళ్ళాను, 55 అన్నారు.

సాగరతీరం

అయితే లెక్క తేలిపోయింది. ఎక్స్‌డబ్ల్యూ ఒళ్ళు వెడల్పు దాదాపు 60 మి.మీ. మీ పీడీ 62. రెండు ఐపీస్‌ల మధ్య మీ ముక్కుకి మిగిలేది 2 మి.మీ. ముక్కు అడ్డమొస్తే కన్ను కటకానికి దగ్గరగా రాదు, కనపడే వృత్తం అంచులు నల్లబడతాయి. ఇక పాప సంగతి. 55కి దగ్గరకి జరపబోతే ఐపీస్‌ల ఒళ్ళు 60 దగ్గరే ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. తనకి రెండు వృత్తాలు ఎప్పటికీ కలవవు. పిల్లలు ఈ సంగతి చెప్పలేరు. "బాగానే కనపడుతోంది" అని ఒంటికన్నుతో చూసేసి వెళ్ళిపోతారు.

ఎక్స్‌డబ్ల్యూ చాలా మంచి ఐపీస్. 70 డిగ్రీల ఫీల్డ్ (కంటికి కనపడే వృత్తం వెడల్పు), 20 మి.మీ. ఐ రిలీఫ్ (కటకానికి కన్ను ఎంత ఎడంగా ఉండొచ్చో ఆ దూరం). ఒంటి గొట్టం టెలిస్కోప్‌లో వంక పెట్టలేం. ఇక్కడ మాత్రం వెర్నియర్ కాలిపర్‌తో ఒళ్ళు కొలిచాకే డబ్బు కట్టండి. అమ్మేవాళ్ళ పేజీలో వెడల్పు ఇవ్వకపోతే అడిగి తెలుసుకోండి. పైభాగం కోసుగా సన్నబడే ఐపీస్ అయితే అదే వెడల్పులో కూడా ముక్కుకి చోటు దొరుకుతుంది.

ఇంకో మాట. మీ హోల్డర్లు కనిష్ఠంగా ఎంత దగ్గరికి వస్తాయో స్కేలు పెట్టి చూడండి. కొన్ని 56 దగ్గరే ఆగిపోతాయి. అలాగైతే పాప ఇంకో ఏడాది ఆగాల్సిందే.

విశాలగగనం (విజయవాడ)

నేను వేరే మాట చెప్తాను. ఇంత డబ్బు పోసి రెండు కళ్ళతో చూసే పరికరం కొన్నది ఆకాశంలోకి దూకినట్టు అనిపించడానికే. ఆ అనుభూతి 80 డిగ్రీలు దాటాకే వస్తుంది. నేను 100 మి.మీ. దాంట్లో 16 మి.మీ. నాగ్లర్ (టెలివ్యూ కంపెనీ వెడల్పు ఐపీస్) జత వాడతాను. 34 రెట్లు, 82 డిగ్రీలు. ధనుస్సు రాశిలో పాలపుంత మీదుగా మెల్లగా జరుపుకుంటూ పోతే అంచు అనేదే గుర్తుకురాదు. సన్నవి కదా అని 50 డిగ్రీల ఐపీస్‌లు కొనుక్కుంటే గొట్టంలోంచి చూసినట్టే ఉంటుంది. ఆ మాత్రానికి ఇంత పరికరం ఎందుకు?

ఆప్టిక్స్_మాష్టారు (గుంటూరు)

విశాలగగనం గారి ఆనందం నిజమైనదే. కాకపోతే 16 మి.మీ. నాగ్లర్‌కి ఐ రిలీఫ్ 10 మి.మీ. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి దాంట్లో 82 డిగ్రీలు కనపడవు. సిలిండర్ ఉన్న మనిషి కళ్ళజోడు తీసి చూస్తే 3 మి.మీ. ఎగ్జిట్ ప్యూపిల్ (ఐపీస్ నుంచి కంటికి వచ్చే కాంతిపుంజం వెడల్పు) దగ్గర చుక్కలకి రెక్కలు వస్తాయి. మేడమీద_చుక్కలు గారు ఇది ఆలోచించుకోవాలి.

ఇక వెడల్పు జత సంగతి. కనపడే ఆకాశం ఎంత అన్నది డిగ్రీల ప్రకటన బట్టి కాకుండా ఐపీస్ లోపలి ఫీల్డ్ స్టాప్ (చూపుకి అంచు గీసే వలయం) వ్యాసం బట్టి తేలుతుంది. 1.25 అంగుళాల బ్యారెల్‌లో (హోల్డర్లోకి దూరే గొట్టం) అది సుమారు 27, 28 మి.మీ.కి మించి పట్టదు. టెలివ్యూ 32 మి.మీ. ప్లాసెల్ ఐపీస్‌కి ఫీల్డ్ స్టాప్ 27. వాళ్ళదే 24 మి.మీ. పానాప్టిక్‌కీ 27. అంటే మీ 550 ఫోకల్ లెంగ్త్ మీద రెండూ చూపించేది ఒకటే ఆకాశం, 2.8 డిగ్రీలు. 32 పెడితే 17 రెట్లు, ఎగ్జిట్ ప్యూపిల్ 5.8 మి.మీ. 24 పెడితే 23 రెట్లు, 4.4 మి.మీ. అంతే ఆకాశం ఇంకాస్త పెద్దదిగా, నల్లటి నేపథ్యంలో కనపడుతుంది. 24 దాటి పైకి వెళ్ళినా ఈ పరికరంలో మీకు అదనంగా ఒక్క చుక్క కూడా రాదు.

వయసు కూడా లెక్కే. చీకట్లో కంటిపాప కుర్రతనంలో 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది, యాభై దాటాక చాలామందికి 5 దగ్గర ఆగిపోతుంది. అలాంటివాళ్ళకి 5.8 మి.మీ. కాంతిపుంజంలో కొంత కంటి బయటే పోతుంది.

డాలస్_రాత్రులు (టెక్సస్)

మాష్టారి మాటకి నగరం కోణం నుంచి ఒకటి కలుపుతాను. హైదరాబాద్ మేడ మీద ఆకాశం బూడిదరంగులో ఉంటుంది. ఎగ్జిట్ ప్యూపిల్ పెద్దదయ్యేకొద్దీ ఆ బూడిద కూడా వెలుగెక్కుతుంది. ఇంటి దగ్గర మీ 18 మి.మీ. జతే ఎక్కువ వాడతారు చూడండి: 31 రెట్లు, 3.3 మి.మీ., 2.1 డిగ్రీల ఆకాశం. కృత్తికలు నిండుగా పడతాయి. 24 జత వికారాబాద్ అడవుల వైపో, శ్రీశైలం దారిలోనో చీకటి దొరికినప్పుడు తీయండి.

మీరు పెట్టిపుట్టారండీ. ఒమేగా సెంటారి అనే నక్షత్రాల గుంపు మా దగ్గర దిఙ్మండలం మీద 10 డిగ్రీలు కూడా లేవదు. మీకు 25 డిగ్రీలు వస్తుంది. మే నెల రాత్రి తొమ్మిది, పది గంటలప్పుడు దక్షిణంగా తిప్పండి. ఒక చందమామంత పరిమాణం ఉంటుంది. రెండు కళ్ళతో చూస్తే ఆ గుంపు నేపథ్యం నుంచి ఎడంగా ముందుకొచ్చినట్టు అనిపిస్తుంది. అంత దూరానికి నిజమైన లోతు తెలియదని తెలిసినా మెదడు అలాగే పేరుస్తుంది.

మేడమీద_చుక్కలు

అందరికీ ధన్యవాదాలు. వెడల్పు జతకి 24 అని ఖాయం చేసుకున్నాను. ఒక సందేహం మాష్టారూ. మొన్న మిత్రుడి దగ్గర వేరే కంపెనీ 24 మి.మీ. జత పెట్టి చూశాను. కళ్ళజోడు తీసి చూస్తే చుక్క చిన్నదవుతూ వచ్చి, ఫోకసర్ లోపలి చివర తగిలి ఆగిపోయింది. ఇంకొంచెం లోపలికి వెళ్తే బాగుండేది అనిపించింది. కళ్ళజోడు పెట్టుకుంటే మాత్రం సరిగ్గా కుదిరింది. ఐపీస్ లోపమా?

ఆప్టిక్స్_మాష్టారు

లోపం కాదు బాబూ, నీ మైనస్ 4 అడిగే దారి అది. దగ్గరచూపు ఉన్న కంటికి కళ్ళజోడు లేకపోతే ఐపీస్ లోపలికి జరగాలి. ఎంత జరగాలంటే, ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌ని వర్గం చేసి, కంటి పవర్‌తో గుణించి, వెయ్యితో భాగించు. 24 వర్గం 576. నాలుగుతో గుణిస్తే 2304. అంటే 2.3 మి.మీ. అదే 10 మి.మీ. ఐపీస్‌కి 0.4 మి.మీ. చాలు. అందుకే ఈ ఇబ్బంది పొడవాటి ఫోకల్ లెంగ్త్ ఐపీస్‌లతోనే వస్తుంది.

45, 90 డిగ్రీల పరికరాల్లో ప్రిజంలే కాంతి దారిలో చాలా భాగం తినేస్తాయి. లోపలివైపు మిగిలే జరుగుబాటు తక్కువ. ఒక్కో కంపెనీ ఐపీస్‌కి ఫీల్డ్ స్టాప్ బ్యారెల్‌లో ఒక్కో లోతులో ఉంటుంది, కాబట్టి ఒకటి కుదిరి ఇంకొకటి కుదరకపోవచ్చు. కొనేముందు అదే మోడల్‌ని అదే పరికరంలో వాడినవాళ్ళని అడుగు. నీకు సిలిండర్ కూడా ఉంది కనుక 24తో కళ్ళజోడు పెట్టుకునే చూడు. 2 మి.మీ. కన్నా చిన్న ఎగ్జిట్ ప్యూపిల్ వచ్చేసరికి కొద్దిపాటి సిలిండర్ దాదాపు తెలియదు. అక్కడ కళ్ళజోడు తీసేయొచ్చు.

కొత్తగా_చేరాను (వరంగల్)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర మామూలు టెలిస్కోప్‌కి పెట్టే బైనోవ్యూయర్ ఉంది. ఈ సలహాలు దానికీ వర్తిస్తాయా? రెండు జూమ్ ఐపీస్‌లు కొనేసుకుంటే అన్ని జతల పనీ అయిపోదా? లేదంటే రెండు బార్లోలు (ఐపీస్ ముందు పెట్టి రెట్లు పెంచే కటకాలు)?

సాగరతీరం

పీడీ, ఒళ్ళు వెడల్పు, జత పోలిక, బిగింపు: ఇవన్నీ బైనోవ్యూయర్‌కీ వర్తిస్తాయి. తేడా ఏమిటంటే అక్కడ ఒకే కటకం తెచ్చిన కాంతిని రెండుగా పంచుతారు. ఇక్కడ ప్రతి కంటికీ సొంత కటకం.

జూమ్‌తో చిక్కు రెండు కళ్ళకీ ఒకే రెట్లు రాకపోవడం. కుడివైపు 14 దగ్గర, ఎడమవైపు 13.7 దగ్గర ఆగితే బొమ్మల సైజు తేడా వస్తుంది, పది నిమిషాల్లో తలనొప్పి. బాడర్ హైపీరియన్ లాంటి వాటికి 8, 12, 16, 20, 24 దగ్గర క్లిక్ ఉంటుంది, కాబట్టి క్లిక్ దగ్గరే వాడుకుంటే చాలామందికి నడుస్తుంది. బార్లో అయితే దాని పొడవు ప్రిజం వైపుకి వెళ్ళి తగులుతుంది. బైనాక్యులర్ టెలిస్కోప్‌లో వద్దే వద్దు.

ఆప్టిక్స్_మాష్టారు

జత పోలిక గురించి ఒక లెక్క చెప్తాను. 65 డిగ్రీల ఐపీస్‌లో మధ్య నుంచి అంచుకి 32.5 డిగ్రీలు. రెండింటి ఫోకల్ లెంగ్త్‌లో ఒక్క శాతం తేడా ఉన్నా అంచు దగ్గర రెండు బొమ్మలూ సుమారు 20 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) ఎడంగా పడతాయి. కుడి, ఎడమ అంచుల్లో కళ్ళు సర్దుకుంటాయి. పైన, కింద సర్దుకోలేవు, ఎందుకంటే ఒక కన్ను పైకీ ఇంకో కన్ను కిందికీ తిప్పడం మనకి అలవాటు లేని పని. అందుకే రెండూ ఒకే మోడల్, ఒకే చోట, ఒకేసారి కొనాలి. ఇవాళ ఒకటి, ఆరు నెలల తర్వాత రెండోది అంటే ఈలోగా తయారీలో మార్పులు వచ్చి ఉండొచ్చు.

మేడమీద_చుక్కలు

ఒక మంచి వార్త, ఒక టెన్షన్.

మంచి వార్త: 24 మి.మీ. పానాప్టిక్ జత వచ్చింది. ఒళ్ళు సన్నం, పాపకి రెండు వృత్తాలూ కలిసిపోయాయి. "నాన్నా, ఇప్పుడు ఒక్కటే గుండ్రం" అంది. నాకు కళ్ళజోడుతో అంచు కొద్దిగా తెగుతుంది కానీ ఐపీస్ పైన కన్ను ఆనే రబ్బరు మడిస్తే దాదాపు అంతా కనపడుతోంది.

టెన్షన్: గ్రహాల కోసమని మిత్రుడి విక్సెన్ ఎస్ఎల్‌వీ 5 మి.మీ. జత తెచ్చి పెట్టాను. 110 రెట్లు. గురుగ్రహం రెండుగా కనపడుతోంది, ఒకటి పైన, ఒకటి కింద. 24తో అసలు తేడా తెలియలేదు, 18తోనూ బాగానే ఉంది. పాప కోసం పీడీ తగ్గిస్తే ఎడం ఇంకా పెరుగుతోంది. కొలిమేషన్ (రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూసే అమరిక) పోయిందా? ప్రిజం స్క్రూలు ముట్టుకోనా?

ఆప్టిక్స్_మాష్టారు

ప్రిజం స్క్రూల జోలికి అప్పుడే పోకు. ముందు బిగింపు చూడాలి.

కాగితం మందం 0.1 మి.మీ. ఉంటుంది. ఐపీస్ హోల్డర్‌లో అంత పక్కకి జరిగిందనుకుందాం. 24 మి.మీ. ఐపీస్‌లో బొమ్మ 14 ఆర్క్ నిమిషాలు జరుగుతుంది, కన్ను సర్దుకుంటుంది. అదే 0.1 మి.మీ. 5 మి.మీ. ఐపీస్‌లో 69 ఆర్క్ నిమిషాలు, అంటే ఒక డిగ్రీ పైన. ఆ ఎడం నిలువుగా ఉంటే ఏ కన్నూ కలపలేదు. నీకు 24తో తెలియనిది 5తో తెలియడానికి కారణం ఇదే కావచ్చు.

పీడీ మారిస్తే ఎడం పెరగడానికీ ఇందులోనే కారణం దొరకొచ్చు. పీడీ సర్దినప్పుడు ప్రిజం డబ్బాలు తిరుగుతాయి, వాటితో హోల్డర్ స్క్రూలూ తిరుగుతాయి. స్క్రూ ఐపీస్‌ని ఎటు నెడుతుందో ఆ దిశ మారిపోతుంది. ప్రిజం తప్పున్నా ఇలా జరగొచ్చు, కనుక తేల్చుకోవాలి.

ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలో పెట్టు. కుడివైపు ఫోకస్ చెయ్యి, ఎడమవైపు ఫోకస్ తప్పించి గుండ్రటి పళ్ళెంలా చెయ్యి. రెండు కళ్ళతో చూస్తే చుక్క ఆ పళ్ళెంలో ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టుకో. తర్వాత స్క్రూ వదులుచేసి ఎడమ ఐపీస్‌ని ఉన్నచోటే సగం తిప్పి మళ్ళీ బిగించు. చుక్క చోటు మారితే తప్పు ఐపీస్‌లోనో బిగింపులోనో ఉంది. మారకపోతే రెండు ఐపీస్‌లూ అటూ ఇటూ మార్చి చూడు. అప్పటికీ కదలకపోతేనే ప్రిజం గురించి ఆలోచిద్దాం.

డాలస్_రాత్రులు

బ్యారెల్ మీద గాడి ఉందేమో చూడండి. ఐపీస్ జారిపోకుండా చాలా కంపెనీలు బ్యారెల్ చుట్టూ పల్లంగా ఒక గాడి చెక్కుతాయి. ఏటవాలుగా ఉండే హోల్డర్లో స్క్రూ ఆ గాడి అంచుని పట్టి నొక్కితే ఐపీస్ ఒకపక్కకి లేస్తుంది. భుజం (బ్యారెల్ పైన ఒళ్ళు వెడల్పయ్యే అంచు) ఒకవైపు హోల్డర్‌కి ఆనుతుంది, ఎదురువైపు సన్నటి సందు మిగులుతుంది. టార్చ్ వేసి ఆ సందు చూడండి. పల్చటి టేపుని కచ్చితంగా గాడి వెడల్పుకి కత్తిరించి, బ్యారెల్ మట్టానికి వచ్చేదాకా చుట్టండి. మట్టం దాటకూడదు, దాటితే హోల్డర్లోకి దూరదు.

బిగించేటప్పుడు ఒక చేత్తో ఐపీస్‌ని కిందికి నొక్కి, భుజం చుట్టూ ఆనిందని తెలిశాకే స్క్రూ తిప్పండి. స్క్రూలు రెండూ అడ్డంగా నెట్టే దిశలో ఉండేలా చూసుకుంటే మిగిలే కాస్త తేడా కూడా అడ్డంగానే పడుతుంది, దాన్ని కళ్ళు కలుపుకుంటాయి. ఏపీఎం, ఓబర్‌వెర్క్ లాంటి పరికరాలు వాడేవాళ్ళు చుట్టూ సమానంగా పట్టే హోల్డర్‌ని అంతగా మెచ్చుకునేది ఇందుకే.

మేడమీద_చుక్కలు

మాష్టారూ, డాలస్ అన్నా, ఇద్దరికీ దండం. నిన్న రాత్రి కూర్చుని చేశాను. ఎడమ ఐపీస్ తిప్పితే చుక్క చోటు మారింది. టార్చ్ వేస్తే సందు స్పష్టంగా కనపడింది, గోరు అంచు దూరేంత. గాడికి టేపు చుట్టి, స్క్రూలు బయటి పక్కలకి వచ్చేలా పెట్టి, నొక్కిపట్టి బిగించాను. 110 దగ్గర గురుడు ఒక్కటయ్యాడు, రెండు పట్టీలు తేటగా వచ్చాయి. పాప పీడీకి మార్చినా కలిసే ఉంది.

తర్వాత మిత్రుడి 10 మి.మీ. యూఎఫ్ఎఫ్ జత పెట్టి సప్తర్షి మండలం వైపు తిప్పాను. 55 రెట్లు. వశిష్ఠుడు రెండు చుక్కలుగా విడిపోయి శుభ్రంగా కనపడ్డాడు. అరుంధతి అదే ఫీల్డ్‌లో కొంచెం ఎడంగా ఉంది. ఆ రెండు చుక్కల మధ్య దూరం 14 ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు ఒక సెకను), అరుంధతి 12 ఆర్క్ నిమిషాల అవతల. పెళ్ళిలో చూపించేది ఇదేనా అని మా అమ్మ కూడా కుర్చీ వేసుకుని చూసింది.

విశాలగగనం

బాగుంది. నా మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను. నా పీడీ 68, కళ్ళజోడు లేదు, నాకు నాగ్లర్లే సరి. మీ ఇంట్లో ముగ్గురు చూస్తారు కాబట్టి మీ లెక్క వేరు. ఎప్పుడైనా వెడల్పు కావాలనిపిస్తే బాడర్ మార్ఫియస్ 12.5 జత మీ ముఖానికి పెట్టి చూడండి. 76 డిగ్రీలు, 44 రెట్లు, ఆకాశం 1.7 డిగ్రీలు. ఐ రిలీఫ్ కూడా ధారాళంగా ఉంటుంది. మీ 62కి ముక్కు దగ్గర ఇరుకవుతుందేమో, చూడకుండా కొనకండి.

మేడమీద_చుక్కలు

అలాగేనండీ. ఎక్స్‌డబ్ల్యూ ఆలోచన మానుకున్నాను. గ్రహాలకి ఎస్ఎల్‌వీ 6 మి.మీ. జత ఆర్డర్ పెట్టాను: 92 రెట్లు, 20 మి.మీ. ఐ రిలీఫ్, సన్నటి ఒళ్ళు. ఫీల్డ్ అర డిగ్రీ దరిదాపుల్లోనే ఉంటుంది, చంద్రుడు అంచులదాకా నిండిపోతాడు. అది నాకు సమ్మతమే. 5 కాకుండా 6 ఎందుకంటే మా మేడ మీద గాలి నిలకడ 110ని రోజూ భరించదు.

చివరిగా రెండు చిన్న ప్రశ్నలు. ఓ-3 ఫిల్టర్లు (నెబ్యులాల కాంతిని మాత్రమే వదిలేవి) కూడా జతగానే కొనాలా? వానాకాలంలో ఐపీస్‌లు ఎలా దాచాలి?

సాగరతీరం

ఫిల్టర్లు జతగానే, ఒకే కంపెనీవే. రంగు తేడా ఉంటే ఒక కంటికి ఆకాశం పచ్చగా, ఇంకో కంటికి నీలంగా కనపడి చిరాకు పెడుతుంది. ఫిల్టర్ బ్యారెల్ అడుగున బిగుస్తుంది కాబట్టి ఐపీస్ పొడవు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు పగలు హోల్డర్లోకి మెల్లగా దింపి, లోపల దేనికీ తగలడం లేదని చూసుకోండి. ప్రిజం మీద గీత పడితే పోదు.

వానాకాలం సంగతి సముద్రం పక్కన ఉన్నవాణ్ణి, నన్నే అడగాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్. రంగు మారితే ఎండబెట్టడం కాదు, వేడిచేసి మళ్ళీ వాడాలి. చూసొచ్చిన రాత్రి మంచుపట్టిన ఐపీస్‌ని మూత పెట్టి డబ్బాలో పడేయొద్దు. పొద్దున్నదాకా ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి అప్పుడు మూత పెట్టండి. తోలు పౌచ్‌లలో మాత్రం పెట్టకండి, బూజు ముందు అక్కడే పుడుతుంది. జత జతకీ డబ్బా విడిగా పెట్టి, ఏది ఎడమ, ఏది కుడి అని చిన్న చుక్క పెట్టుకోండి. టేపు చుట్టి సర్దుకున్న బిగింపు మళ్ళీ అదే పక్కన అలాగే వస్తుంది.